మీ ప్రశ్న, మా జవాబు: “ఎందుకు నాన్నా మా మీద ఇంత ఆశ?”

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చదువులు, ర్యాంకులు, ఇంట్లో వాటి వల్ల రేగే గొడవల గురించే. వాటిలో అయిదింటికి జవాబులు ఇస్తున్నాం. రాసినవారి పేర్లు వేయడం లేదు.

మాది ఖమ్మం జిల్లా. మూడెకరాల్లో పత్తి, మిర్చి వేస్తాం. పెద్దవాడు ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. పండగకు ఇంటికొచ్చినప్పుడు “పెద్ద ఉద్యోగం వస్తేనే నేను మీ కొడుకునా? ఎందుకు నాన్నా మా మీద ఇంత ఆశ?” అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. పిల్లలు బాగుపడాలని కోరుకోవడం తప్పా? — ఒక తండ్రి

తప్పు కాదు. మీ ఆశ వెనక బలమైన కారణాలున్నాయి. అవేమిటో మీవాడికి ఎవరూ విడమరిచి చెప్పలేదు, అందుకే ఆ ఆశ వాడికి బరువుగా కనిపిస్తోంది.

మొదటి కారణం బతుకుతెరువు. మూడెకరాలు రేపు పిల్లలు పంచుకుంటే ఎవరికీ చాలవు. పత్తికి గులాబీ పురుగు, మిర్చికి తామర పురుగు తగిలితే ఏడాది కష్టం పోతుంది. 2021లో నల్ల తామర పురుగు మిర్చి రైతును ఎలా ముంచిందో మీ జిల్లాలో అందరికీ తెలుసు. భూమి లేనివాళ్లను, కొద్దిగా ఉన్నవాళ్లను ఒడ్డున పడేసింది ఎక్కువగా చదువే. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో, ఆ మరుసటేడు గుంటూరు జిల్లా తాడికొండలో గురుకులాలు మొదలయ్యాయి. పేదింటి పిల్లలు ప్రవేశ పరీక్ష రాసి, ఎవరి సిఫారసూ లేకుండా అక్కడ చేరి పెద్ద ఉద్యోగాలకు వెళ్లారు. 1983లో క్యాపిటేషన్ ఫీజును, అంటే సీటు కోసం కట్టించుకునే డొనేషన్‌ను నిషేధిస్తూ చట్టం వచ్చింది, ఆ దశాబ్దంలోనే ఎంసెట్ కూడా వచ్చింది. డబ్బు, పలుకుబడి లేకపోయినా ర్యాంకుతో సీటు తెచ్చుకోవచ్చన్న నమ్మకం ఊళ్లలో అప్పుడు పుట్టింది. 1998లో హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల కోసం సైబర్ టవర్స్ తెరిచాక ఇంజినీరింగ్ చదివిన కుర్రాడి జీతం ఎంతో పక్కింటివాళ్లకు కూడా తెలిసింది. కళ్లెదుట కనిపించిన దారిని తన పిల్లలకు కోరుకోవడం దురాశ కాదు.

ఇది మన ఒక్కరి లక్షణమూ కాదు. మత్తియాస్ డోప్కే, ఫాబ్రిజియో జిలిబొట్టి అనే ఆర్థికవేత్తలు దేశాలను పోల్చి చూశారు. బాగా చదివినవాడి సంపాదనకూ చదవనివాడి సంపాదనకూ తేడా ఎక్కువున్న చోట తల్లిదండ్రులు చదువు కోసం పిల్లల వెంటపడతారు. స్వీడన్ లాంటి దేశాల్లో ఆ తేడా తక్కువ, కాబట్టి పిల్లల్ని వాళ్ల మానాన వదిలేస్తారు. ప్రేమ అన్నిచోట్లా ఒకటే, వెనకబడితే పోగొట్టుకునేది మాత్రం ఒకటి కాదు.

రెండో కారణం పైకి చెప్పుకోనిది. రైతుకు, కూలికి, చిన్న వ్యాపారికి చెప్పుకోదగ్గ పింఛను లేదు. ముసలితనంలో మందులు, ఆస్పత్రి ఖర్చు పిల్లలే చూడాలి. మూడోది నలుగురిలో మాట. పెళ్లిళ్లకు, పేరంటాలకు వెళ్తే మొదట వినపడేది “మీవాడు ఏం చేస్తున్నాడు?” అన్న ప్రశ్నే.

నాలుగోదే కాస్త జాగ్రత్తగా చూసుకోవలసింది: మనకు దక్కనిది పిల్లల చేత సాధింపజేయాలన్న కోరిక. నెదర్లాండ్స్‌లో 2013లో 73 మంది తల్లిదండ్రులతో ఒక ప్రయోగం చేశారు. సగం మందిని తమకు తీరకుండా మిగిలిన కోరికల గురించి, మిగతావాళ్లను తెలిసినవాళ్లకు తీరని కోరికల గురించి రాయమన్నారు. తమ కోరికల గురించి రాసినవాళ్లలో, బిడ్డను తమలో భాగంగా భావించేవాళ్లు ఆ కోరికను బిడ్డే తీర్చాలని ఎక్కువగా కోరుకున్నారు. బిడ్డ వేరే మనిషి అనుకున్నవాళ్లలో ఆ పట్టుదల కనిపించలేదు.

మీవాడితో మాట్లాడేటప్పుడు “నీ మంచికేరా” అని ఊరుకోకండి. వాడు ఆ మాట వెయ్యిసార్లు విని ఉంటాడు. ఒక కాగితం మీద పోయిన ఏడాది లెక్క వాడి చేతే రాయించండి: విత్తనం, ఎరువు, పురుగుమందు, కూలీలు, వడ్డీ, కౌలు ఉంటే కౌలు, చివరికి చేతికొచ్చింది ఎంత అని. దాని కిందే వాడి చదువుకు ఏడాదికి ఎంత కడుతున్నారో, అందులో అప్పు ఎంతో రాయండి. పదహారేళ్లవాడికి ఈ లెక్క అర్థమవుతుంది. తర్వాత రెండు మాటలు విడివిడిగా చెప్పండి: “నీ కాళ్ల మీద నువ్వు నిలబడాలి, ఇది నాకు ముఖ్యం. ఏ ఉద్యోగం, ఏ కోర్సు అన్నది మాట్లాడుకుని తేల్చుకుందాం.” అప్పు లెక్క చూపించి “దీన్ని నువ్వే తీర్చాలి” అని మాత్రం అనకండి. తండ్రి కారణాలు తెలుసుకోవడానికి చూపించిన కాగితం ఆ ఒక్క మాటతో పద్దు పుస్తకం అయిపోతుంది.

పొలం అమ్మి డొనేషన్ సీటు కొనే ఆలోచన ఉంటే దానికి ముందు బ్యాంకుకు వెళ్లండి. విద్యారుణ పథకంలో నాలుగు లక్షల వరకు తనఖా అడగరు. ఏడున్నర లక్షల వరకు ప్రభుత్వ హామీ (క్రెడిట్ గ్యారంటీ) మీద ఇస్తారు. అమ్మిన పొలం మళ్లీ రాదు.

మా పాప విజయవాడ వైపు ఒక కాలేజీ హాస్టల్లో ఇంటర్ రెండో సంవత్సరం. వారంవారం టెస్ట్ మార్కులు నా ఫోన్‌కి వస్తాయి. ఈ మధ్య తగ్గుతున్నాయి, సెక్షన్ కూడా మార్చారు. ఆదివారం ఫోన్ చేస్తే ఏడుపే. తిడితే ఏమవుతుందోనని భయం, తిట్టకపోతే చదవదని భయం. — ఒక తల్లి, తెనాలి

అమ్మా, మీరు రాసినదాంట్లో మార్కులకన్నా ఏడుపు ముఖ్యం. ముందు అది చూద్దాం.

ఆదివారం ఫోను సాధారణంగా ఎలా సాగుతుందో గమనించండి. పిల్ల వరసలో నిలబడి, వెనక పదిమంది ఎదురుచూస్తుండగా ఫోను అందుకుంటుంది. దొరికేది కొద్ది నిమిషాలు. అమ్మ మొదటి మాట “మార్కులు చూశాను, ఫిజిక్స్ ఏంటి అలా వచ్చింది?” మిగిలిన సమయమంతా సంజాయిషీకే సరిపోతుంది. మీకు మెసేజ్‌లో ఆ అంకె ఎలాగూ వచ్చింది కాబట్టి దాన్ని మళ్లీ అడగక్కర్లేదు. తిండి, నిద్ర, పక్కన ఎవరు కూర్చుంటున్నారు, ఒంట్లో ఎలా ఉంది అని మొదలుపెట్టండి. రాత్రి పదకొండుకు పడుకోబెట్టి పొద్దున్నే అయిదుకు లేపితే అది ఆరు గంటల నిద్ర. ఆ వయసుకు ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. నిద్ర చాలని పిల్ల చదివింది నిలవదు, టెస్టులో తెలిసిన లెక్క కూడా తప్పు చేస్తుంది. మార్కులు తగ్గడానికి ఇంతకంటే మామూలు కారణం లేదు, అయినా ఎవరూ ముందు దీన్ని చూడరు.

మార్కుల సంగతి ఔటింగ్‌కి తీసుకొచ్చిన రోజు, భోజనం అయ్యాక మాట్లాడండి. ప్రశ్నపత్రం, ‘కీ’ తెమ్మనండి. జేఈఈ మెయిన్ తరహా టెస్టులో 75 ప్రశ్నలు, 300 మార్కులు. ఒప్పుకు 4, తప్పుకు 1 పోతుంది. పాపకు 112 వచ్చాయనుకుందాం. 35 ఒప్పు, 28 తప్పు, 12 వదిలేసింది. ఈ 28 తప్పుల్ని మూడు కుప్పలుగా వేయించండి: పాఠమే రానివి, వచ్చినా లెక్కలో జారినవి, ఊహించి పెట్టినవి. ఊహించినవి పది ఉంటే, వాటిని ముట్టుకోకపోయినా 122 వచ్చేవి. అది అలవాటుకు సంబంధించిన సంగతి, తెలివికి కాదు. పాఠం రానివి ఎక్కువగా రెండు మూడు చాప్టర్లలోనే పోగుపడి ఉంటాయి. మొదటి సంవత్సరంలోని వెక్టర్స్ సరిగా రాకపోతే రెండో సంవత్సరంలో అయస్కాంత క్షేత్రాల పాఠం కుంటుపడుతుంది. ఏ చాప్టరో తేలాక లెక్చరర్‌ని అడగడం తేలిక. “మా పాపకు ఫిజిక్స్ రావట్లేదు” అంటే ఎవరూ ఏమీ చేయలేరు.

మార్కులొచ్చిన వారం తీపి మాటలు, తగ్గిన వారం మౌనం అన్న పద్ధతి ఇంట్లో ఉంటే ఇవాళే మానేయండి. ఏవీ అస్సోర్, గై రోత్, ఎడ్వర్డ్ డెసి 2004లో ప్రచురించిన పరిశోధన దీని గురించే. అమ్మానాన్నల ప్రేమ తమ పనితీరును బట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటుందని అనుకున్న పిల్లలు చెప్పినట్టు చేశారు. కానీ లోపల బలవంతంగా చేశారు, గెలిచిన సంతోషం కాసేపే నిలిచింది, ఓడితే సిగ్గుతో కుంగిపోయారు, తల్లిదండ్రుల మీద కోపం మిగుల్చుకున్నారు. తిట్టడానికీ తిట్టకపోవడానికీ మధ్య మీరు వెతుకుతున్న దారి ఇదే: చదువు విషయంలో గట్టిగా అడగండి, ప్రేమ మాత్రం ఏ వారమూ తగ్గనివ్వకండి.

సెక్షన్ మార్పు గురించి. 2025 జులైలో సుప్రీంకోర్టు విశాఖపట్నం హాస్టల్లో ఒక నీట్ విద్యార్థిని మరణించిన కేసులో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచులుగా విడదీయకూడదు, అందరి ముందూ అవమానించకూడదు, వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఉండాలి అని అందులో ఉంది. ప్రిన్సిపాల్‌కు ఒక పేజీ ఉత్తరం రాసి ఇవ్వండి: కౌన్సెలర్ ఎవరు, ఏ రోజు కలవవచ్చు, సెక్షన్ ఎందుకు మార్చారు అని. అందినట్టు సంతకం తీసుకోండి. నోటిమాటకు వచ్చే జవాబు వేరు, కాగితానికి వచ్చే జవాబు వేరు.

ఇక ఏడుపు. తిండి మానేయడం, నిద్ర పట్టకపోవడం, స్నేహితులతో మాట్లాడకపోవడం, “నా వల్ల మీకు భారం”, “నేను లేకపోతే బాగుండు” లాంటి మాటలు, తన వస్తువులు ఇతరులకు పంచేయడం. వీటిలో ఏది కనిపించినా ఆదివారం దాకా ఆగకండి. ఆరోజే వెళ్లి ఇంటికి తీసుకురండి. పరీక్షల ముందు వారం పది రోజుల క్లాసులు పోయినా ఫరవాలేదు. “చచ్చిపోవాలనిపిస్తోందా?” అని సూటిగా అడగవచ్చు, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా రాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఆ నంబరు పాపకూ చెప్పి ఉంచండి.

మేమిద్దరం హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. బాబు ఆరో తరగతి. తోటివాళ్లంతా పిల్లల్ని ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్‌లో చేర్చారు. మేం ఆలస్యం చేస్తున్నామా? — కొండాపూర్ నుంచి

లేదు. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పదహారేళ్లు నిండని, పదో తరగతి పూర్తికాని పిల్లల్ని కోచింగ్ సెంటర్లు చేర్చుకోకూడదు. స్కూల్లోనే ‘ఫౌండేషన్’ పేరుతో నడిపేవి దీని పక్కనుంచి సాగిపోతున్నాయి, కానీ ఆ నియమం వెనకున్న కారణం వాటికీ వర్తిస్తుంది.

ఆరో తరగతిలో గట్టిపడవలసినవి భిన్నాలు, దశాంశాలు, రుణసంఖ్యలు, ఒక పేరా చదివి సొంత మాటల్లో చెప్పగలగడం. ఇవి వచ్చాయో లేదో ఇంట్లోనే తెలుస్తుంది. “ముప్పావు కిలో 90 రూపాయలైతే కిలో ఎంత?” అని అడగండి. 120 అని చెప్పి, ఎలా వచ్చిందో బొమ్మ గీసి చూపించగలిగితే పునాది ఉన్నట్టే. జవాబు వచ్చినా ఎలా వచ్చిందో చెప్పలేకపోతే, వాడికి తొమ్మిదో తరగతి లెక్కల సూత్రాలు ఇప్పుడే నేర్పితే కంఠస్థం చేస్తాడు. పదకొండో తరగతిలో లెక్క కొద్దిగా తిప్పి అడిగేసరికి ఆగిపోతాడు.

బవేరియాలో మూడున్నర వేల మందికి పైగా విద్యార్థుల్ని అయిదు నుంచి పదో తరగతి దాకా ఏటేటా గమనించిన అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది. తల్లిదండ్రులు కోరుకునేది ఒకటి, నిజంగా వస్తుందని అనుకునేది ఒకటి అని రెండు వేర్వేరు ప్రశ్నలు అడిగారు. ఆశ ఉన్న ఇళ్ల పిల్లల లెక్కల మార్కులు పెరిగాయి. కోరిక మాత్రం నమ్మకాన్ని దాటి పోయిన ఇళ్లలో అవే మార్కులు తగ్గాయి. మీ ఇద్దరూ ఈ రెండు ప్రశ్నలకు విడివిడిగా జవాబులు రాసుకుని పోల్చి చూడండి. ఆ దూరం ఎంత ఉందో తెలియకుండా ఫీజు కట్టవద్దు.

మావాడికి జేఈఈ మెయిన్‌లో లక్ష దాటి ర్యాంకు వచ్చింది. ఐఐటీల కోసం రాసే అడ్వాన్స్‌డ్ దాటలేదు. లాంగ్ టర్మ్ (ఇంకో ఏడాది కోచింగ్) పెట్టిద్దామని నేను, వద్దని మా ఆవిడ. ఏం చేయాలి? — అనకాపల్లి నుంచి

ముందు లెక్క చూడండి. 2025లో మెయిన్‌కు దరఖాస్తు చేసినవాళ్లు సుమారు 15 లక్షలు, అడ్వాన్స్‌డ్‌కు అర్హత రెండున్నర లక్షల మందికి, ఐఐటీల్లో సీట్లు 18 వేల పైచిలుకు. అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయవచ్చు, కాబట్టి మీవాడికి మిగిలింది ఒక్క అవకాశం.

సిలబస్ మొత్తం ఇంటర్‌లో ఒకసారైనా పూర్తయిందా? పూర్తయి, సాధన చాలక ఆగి ఉంటే ఏడాది ఉపయోగపడుతుంది. మొదటి సంవత్సరం పాఠాలే సగం రాకపోతే రెండేళ్ల పని ఒక ఏడాదిలో పడుతుంది, అక్కడే చాలామంది డిసెంబరుకు చేతులెత్తేస్తారు. రెండో సంగతి, మళ్లీ రాస్తానని అంటున్నది మీవాడా, మీరా? మీ ఉత్తరంలో వాడి మాట ఒక్కటీ లేదు. మీరు, మీ ఆవిడ బయట కూర్చుని వాడి చేత ఒక పేజీ రాయించండి: పోయినసారి ఏం తప్పింది, ఈసారి ఏం మారుస్తాడు అని. పేజీ నిండకపోతే లాంగ్ టర్మ్ వద్దు.

పెట్టించాలనుకుంటే చేరేముందే ఆగే తేదీ నిర్ణయించుకోండి. జనవరి మెయిన్‌లో ఇంత పర్సంటైల్ రాకపోతే ఏప్రిల్ దాకా రాసి, వచ్చిన సీటులో చేరతాడు, మూడో ఏడాది ఉండదు. ఫీజు వాయిదాల్లో కట్టండి. పైన చెప్పిన కేంద్ర మార్గదర్శకాల్లోనే, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు పదిరోజుల్లో తిరిగివ్వాలని ఉంది. అయితే అమలు రాష్ట్రం చేతిలో ఉంది కాబట్టి ఆ షరతు రసీదు మీద రాయించుకోవాలి.

మా అభిప్రాయం అడిగితే, ఈఏపీసెట్‌లో (ఒకప్పటి ఎంసెట్) ర్యాంకును బట్టి దొరికే కన్వీనర్ సీటు చూసి చెబుతాం. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది, కాబట్టి ఇంటర్‌లో బాగా వచ్చినవాడికి ర్యాంకు కొంత పైకి జరుగుతుంది. కోరుకున్న బ్రాంచి ఓ మోస్తరు కాలేజీలో దొరికినా చేర్పించడమే మేలు. ఐఐటీ తలుపు అక్కడితో మూసుకుపోదు. బీటెక్ మూడో ఏడాది నుంచే ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ రాయవచ్చు, ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, దానితో ఐఐటీలో ఎంటెక్ చేయవచ్చు. ఐఐటీ మద్రాసు 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీకి జేఈఈ ర్యాంకు లేకపోయినా అర్హత పరీక్షతో చేరవచ్చు, బీటెక్ చదువుతూనే చేసేవాళ్లూ ఉన్నారు.

నేను ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. అన్నయ్య బీటెక్ చేసి బెంగళూరులో ఉన్నాడు. నాకు లా చదవాలని ఉంది. నాన్న “నల్లకోటు వేసుకుని చెట్టు కింద కూర్చుంటావా?” అంటున్నారు. ఎలా ఒప్పించాలి? — ఒక అమ్మాయి, కరీంనగర్

నాన్న కోపం వెనక ఒక నిజమైన భయం ఉందమ్మా: ఆడపిల్ల సంపాదన లేకుండా ఎన్నేళ్లు నెట్టుకొస్తుంది అని. ఆ భయానికి జవాబివ్వు, మాటకు మాట వద్దు.

నీ కాగితంలో ఇవి ఉండాలి. ఇంటర్ తర్వాత అయిదేళ్ల లా కోర్సుకు ఎంపీసీ అడ్డు కాదు. జనరల్ కేటగిరీలో 45 శాతం మార్కులు చాలు. జాతీయ స్థాయి లా ప్రవేశ పరీక్ష క్లాట్‌లో మంచి ర్యాంకు వస్తే హైదరాబాద్ నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం లాంటి జాతీయ లా యూనివర్సిటీల్లో సీటు వస్తుంది. 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకు పావు మార్కు పోతుంది. పొడుగు పేరాలు ఇంగ్లిష్‌లో చదివి జవాబివ్వాలి కాబట్టి ఇవాళ్టి నుంచి రోజూ ఒక ఇంగ్లిష్ సంపాదకీయం చదివి మూడు వాక్యాల్లో రాయి. రాష్ట్ర స్థాయి లా ప్రవేశ పరీక్ష లాసెట్‌లోనూ 120 ప్రశ్నలే, గంటన్నర సమయం, తెలుగులోనూ రాయవచ్చు.

నాన్నకు కష్టమైన సంగతులు కూడా దాచకు. కోర్టులో జూనియర్‌గా మొదటి ఏళ్లు సంపాదన తక్కువే. 2025 మేలో సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి చేసింది, అంటే డిగ్రీ అవగానే ఆ పరీక్ష రాయలేవు. కంపెనీల్లో, బ్యాంకుల్లో, లా ఫర్మ్‌లలో మాత్రం నేరుగా చేరే ఉద్యోగాలున్నాయి. జాతీయ యూనివర్సిటీల ఫీజు ఎక్కువ, దాన్నీ రాయి. కష్టాలు నువ్వే ముందు చెప్తే నాన్న నీ మాట నమ్ముతారు.

క్లాట్ సాధారణంగా డిసెంబరులో, ఈఏపీసెట్ మేలో జరుగుతాయి, కాబట్టి రెండూ రాయవచ్చు. “ఈఏపీసెట్ కూడా మనసుపెట్టి రాస్తాను, క్లాట్‌కు ఒక్కసారి అవకాశం ఇవ్వండి” అని అడుగు. అన్నయ్యతో ముందే మాట్లాడు, తమ్ముడో చెల్లెలో తనకు నచ్చిన దారిలో వెళ్లడం అన్నయ్యలకు సాధారణంగా ఇష్టమే, అతను చెప్తే నాన్న వింటారు. నాన్నను ఒక పనిదినం కరీంనగర్ జిల్లా కోర్టుకు తీసుకెళ్లు, అక్కడ వాదిస్తున్న మహిళా న్యాయవాదులెవరినైనా మధ్యాహ్న విరామంలో కలిసి, మొదటి మూడేళ్లు ఎలా గడిచాయో ఆయన చేతే అడిగించు. క్లాట్ దరఖాస్తులు దాదాపు ఏటా జులై, ఆగస్టులో మొదలవుతాయి. నువ్వు రెండో సంవత్సరంలోకి రాగానే ఆ నోటిఫికేషన్ చూస్తూ ఉండు.